స్కూల్ నెట్‌లో సోషల్ మీడియా మొత్తం బ్లాక్ చేస్తే ఉద్యోగాల సైట్లూ పోయాయి. ఏం తెరవాలి, ఏం మూయాలి?

సైన్స్_టీచరమ్మ

అందరికీ నమస్కారం. ఫైర్‌వాల్‌లో, అంటే స్కూల్ నెట్‌కి కాపలా కాసే పెట్టెలో, "సోషల్ నెట్‌వర్కింగ్" అనే కేటగిరీని ఒక్క టిక్కుతో మూసేస్తే ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ఒక్కటే పోవు కదా. లింక్డ్‌ఇన్ పోతుంది, టీచర్ల సబ్జెక్టు గ్రూపులు పోతాయి, కొన్ని ఫిల్టర్లలో యూట్యూబ్ కూడా అదే గంపలో ఉంటుంది. పై తరగతుల పిల్లలు ల్యాబ్‌లో కూర్చుని దరఖాస్తు నింపబోతే పేజీ సగం వచ్చి ఆగుతుంది. మూడు విషయాలు తెలియాలి. పిల్లలకు హాని లేకుండా కావలసినవి మాత్రం తెరవడం ఎలా? టీచర్లకు వేరే దారి పెట్టొచ్చా? మూడోది కాస్త సొంత లాభం: ఈ పనులు చేతికొచ్చిన టీచర్లకు బయట దొరికే ఉద్యోగాలేంటి, వాటిలో ఏది నిజం, ఏది బోగస్?

ల్యాబ్_మాస్టారు

మేడమ్, పేజీ సగం రావడానికి కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. సైటు పేరు తెరిచారు, దాని బొమ్మలూ స్క్రిప్టులూ వచ్చే పేర్లు తెరవలేదు. లింక్డ్‌ఇన్.కామ్ ఒక్కటే అనుమతిస్తే పేజీ తెల్లగా, అక్షరాలు చెల్లాచెదురుగా వస్తుంది. ఎందుకంటే దాని సరంజామా అంతా లిక్‌డీఎన్.కామ్ నుంచి వస్తుంది. యూట్యూబ్‌కి వీడియో వచ్చేది గూగుల్‌వీడియో.కామ్ నుంచి, చిన్న బొమ్మలు వైటీఐఎమ్‌జీ.కామ్ నుంచి. దరఖాస్తు ఫారాల చివర "నేను రోబోను కాదు" అనే పెట్టె రాకపోతే జీస్టాటిక్.కామ్ మూసి ఉందేమో చూడండి. ఆ పెట్టె లేకపోతే సబ్మిట్ బటన్ నొక్కినా ఏమీ జరగదు. పిల్లాడు సైటుని తిట్టుకుంటాడు, తప్పు మన ఫైర్‌వాల్‌ది.

కనిపెట్టడం తేలికే. క్రోమ్‌లో ఆ పేజీ మీద ఎఫ్12 నొక్కండి, నెట్‌వర్క్ ట్యాబ్ తెరవండి, తర్వాత పేజీ రీలోడ్ చేయండి. ట్యాబ్ ముందే తెరవకపోతే మొదటి వరుసలు నమోదు కావు. ఎర్రగా వచ్చిన ప్రతి వరుస మీద మౌస్ పెడితే అది ఏ డొమైన్‌కి (సైటు పేరుకి) వెళ్ళబోయిందో తెలుస్తుంది. వాటిని ఒక్కొక్కటిగా అనుమతుల జాబితాలో వేసి, మళ్ళీ రీలోడ్ చేయండి. రెండు మూడు విడతలు పడుతుంది. ఒక స్క్రిప్టు వచ్చాకే అది ఇంకో దాన్ని పిలుస్తుంది కాబట్టి ఒక్కసారికే అన్నీ బయటపడవు.

లెక్కల_సారు

ఈ లెక్కన ఫేస్‌బుక్‌లో టీచర్ల గ్రూపు ఒక్కటే తెరిచి మిగతాది మూసేయొచ్చా?

ల్యాబ్_మాస్టారు

కుదరదు సారూ. కనెక్షన్ ఎన్‌క్రిప్ట్ అయి వెళ్తుంది కాబట్టి ఫైర్‌వాల్‌కి డొమైన్ పేరు కనిపిస్తుంది గానీ ఆ తర్వాతి చిరునామా కనిపించదు. గ్రూపు పేజీ, రీల్స్ పేజీ రెండూ దానికి ఒకటే. లోపలికి చూడాలంటే ప్రతి కంప్యూటర్‌లో స్కూల్ తరఫున ఒక డిజిటల్ సర్టిఫికెట్ వేసి ట్రాఫిక్ విప్పి చూసే పద్ధతి ఉంది. నా మాట వింటే దాని జోలికి పోకండి. టీచర్ల బ్యాంకు లాగిన్‌లు కూడా మన పెట్టెలో విప్పబడతాయి. చాలా ఫోన్ యాప్‌లు ఆ సర్టిఫికెట్‌ని ఒప్పుకోక పనిచేయడం మానేస్తాయి కూడా. అంతకంటే మనుషుల్ని వేరు చేయడం మేలు: టీచర్లకు ఒక నెట్‌వర్క్, పిల్లలకు ఒకటి, అతిథులకు ఒకటి.

దీన్ని వీల్యాన్ అంటారు. స్విచ్ (నెట్ కేబుళ్ళన్నీ వచ్చి కలిసే పెట్టె) "మేనేజ్డ్" రకం అయి ఉండాలి, మామూలు స్విచ్‌లో చేయలేరు. ఉదాహరణకు వీల్యాన్ నంబరు 10 స్టాఫ్‌కి, 20 పిల్లలకి, 30 అతిథులకి. ఒకే యాక్సెస్ పాయింట్ (వైఫై ఇచ్చే పెట్టె) నుంచి మూడు వైఫై పేర్లు ఇచ్చి, ఒక్కోదాన్ని ఒక్కో వీల్యాన్‌కి కట్టాలి. అందరూ బోల్తా పడే చోటు ఒకటుంది. యాక్సెస్ పాయింట్‌కి వెళ్ళే స్విచ్ పోర్టును "ట్రంక్"గా, అంటే అన్ని వీల్యాన్‌లనూ మోసేలా, పెట్టడం మరచిపోతారు. అప్పుడు ఒక్క వైఫై పేరుకే నెట్ వస్తుంది, మిగతా రెండూ కనెక్ట్ అయినట్టు చూపించి ఐపీ (నెట్‌వర్క్‌లో మెషీన్ చిరునామా) ఇవ్వవు.

స్టాఫ్ వైఫైకి అందరికీ ఒకే పాస్‌వర్డ్ పెడితే అది వారం తిరక్కుండా పదో తరగతి చివరి బెంచీకి చేరుతుంది. ఎవరి లాగిన్ వారికి ఉండే ఎంటర్‌ప్రైజ్ పద్ధతి పెట్టండి. ఒకరు ఉద్యోగం మానేస్తే వారి ఖాతా ఒక్కటే తీసేస్తే సరి, ఇరవై మంది ఫోన్లలో పాస్‌వర్డ్ మార్చే బాధ తప్పుతుంది.

కేబుల్_చేతిలో

మాస్టారు చెప్పిన దానికి ఒక తోక. ఫిల్టర్ మీద వచ్చే ఫిర్యాదుల్లో చాలా వరకు అసలు ఫిల్టర్‌వి కావు. "సిగ్నల్ నిండుగా ఉంది, నెట్ లేదు" అన్నప్పుడు ముందు ఆ మెషీన్ ఐపీ చూడండి. 169.254తో మొదలైతే దానికి చిరునామా దొరకలేదని అర్థం. రౌటర్ మామూలుగా ఇచ్చే సెట్టింగులో 254 చిరునామాలే ఉంటాయి. చాలా రౌటర్లు ఒక్కోదాన్ని 24 గంటలు పట్టి ఉంచుతాయి, దీన్నే లీజు అంటారు. పైగా ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు తమ అసలు మ్యాక్ అడ్రస్ (పరికరానికి తయారీలోనే వచ్చే గుర్తింపు సంఖ్య) చెప్పవు, ఒక దొంగ పేరు చెప్తాయి. వైఫైని ఫర్గెట్ చేసి మళ్ళీ కలిపితే కొన్ని ఫోన్లు ఇంకో కొత్త పేరుతో వస్తాయి, ఒక్క ఫోనే రెండు మూడు చిరునామాలు తినేస్తుంది. ఉదయం పది దాటేసరికి గిన్నె ఖాళీ.

మందు: పిల్లల, అతిథుల నెట్‌వర్క్‌లో లీజు సమయం గంటా రెండు గంటలకు తగ్గించండి. నెట్‌వర్క్ సైజు స్లాష్ 24 (పైన చెప్పిన 254 చిరునామాలది) బదులు స్లాష్ 22 పెడితే 1022 చిరునామాలు వస్తాయి. మ్యాక్ అడ్రస్ చూసి ఒక్కొక్కరికి ఇంత డేటా అని కోటా పెట్టిన వాళ్ళు ఆ ఆశ వదులుకోవాలి, లాగిన్ మీద పెట్టుకోండి.

వైఫై సంగతి కూడా ఇక్కడే. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికొకటి తగలని చానెళ్ళు 1, 6, 11, మూడే. పక్కపక్క గదుల్లో ఆరు పెట్టెలు పెట్టి అన్నిటినీ "ఆటో"లో వదిలేస్తే ఒకదాని గొంతు మీద ఒకటి అరుస్తుంటాయి. తరగతి గదుల్లో 5 గిగాహెర్ట్జ్ వాడండి, చానెల్ వెడల్పు 80 కాదు, 20 పెట్టండి. వేగం అంకె చిన్నదిగా కనిపిస్తుంది గానీ నలభై మందికీ అందుతుంది.

సైన్స్_టీచరమ్మ

చాలా ఉపయోగం. మరి యూట్యూబ్? మొత్తం తెరిస్తే పాఠం వీడియో పక్కనే ఇంకేదో వచ్చి కూర్చుంటుంది.

ల్యాబ్_మాస్టారు

యూట్యూబ్‌లో పిల్లలకు తగని వీడియోలను దాచే రిస్ట్రిక్టెడ్ మోడ్‌ని నెట్‌వర్క్ మొత్తానికి పెట్టొచ్చు, ఒక్కో కంప్యూటర్ ముట్టుకోనక్కర్లేదు. మీ డీఎన్‌ఎస్‌లో (సైటు పేరు అడిగితే దాని ఐపీ చెప్పే సర్వర్) యూట్యూబ్ పేర్లు అడిగినప్పుడు 216.239.38.120 అని జవాబిచ్చేలా పెట్టండి. అది కఠినమైన మోడ్. చివర 119 అయితే కాస్త సడలింపు. పేర్లు ఐదు: డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ యూట్యూబ్, ఎమ్ యూట్యూబ్, యూట్యూబ్ఐ గూగుల్‌ఏపీఐస్, యూట్యూబ్ గూగుల్‌ఏపీఐస్, యూట్యూబ్-నోకుకీ. మొదటిది మాత్రం పెట్టి ఊరుకుంటే ఫోన్ యాప్‌లో అంతా మామూలుగానే వస్తుంది. ఈ మోడ్‌లో కామెంట్లు కనిపించవు, అది మనకు మంచిదే. నష్టం ఏమిటంటే జీవశాస్త్రంలో పునరుత్పత్తి పాఠం వీడియోలు, చరిత్రలో యుద్ధాల వీడియోలు కూడా కొన్ని మాయమవుతాయి. స్కూల్‌కి గూగుల్ వర్క్‌స్పేస్ (స్కూల్ పేరు మీద గూగుల్ ఖాతాలు ఇచ్చే సేవ) ఉంటే టీచర్ ఒక వీడియోని "ఆమోదించాను" అని గుర్తుపెట్టొచ్చు. పిల్లలు స్కూల్ ఖాతాతో లాగిన్ అయితే అది తెరుచుకుంటుంది. అయితే అప్పుడు ఆంక్షను డీఎన్‌ఎస్‌లో కాకుండా వర్క్‌స్పేస్ అడ్మిన్ కన్సోల్‌లో పెట్టాలి. రెండు చోట్లా పెడితే కఠినమైనదే నెగ్గుతుంది, ఆమోదించిన వీడియో కూడా రాదు.

ఇదంతా అయ్యాక పిల్లలు దాటేసే దొడ్డిదారులు ఉంటాయి, వాటిని మూయకపోతే పై శ్రమ వృథా. మన డీఎన్‌ఎస్ తప్ప బయటికి 53వ పోర్టు (డీఎన్‌ఎస్ ప్రశ్నలు వెళ్ళే ద్వారం) ఎవరికీ వెళ్ళకూడదు. 853 కూడా మూయండి, ఆండ్రాయిడ్‌లో "ప్రైవేట్ డీఎన్‌ఎస్" వాడేది దాన్నే. ఫైర్‌ఫాక్స్ తనంతట తాను ఎన్‌క్రిప్టెడ్ డీఎన్‌ఎస్‌కి మారకుండా యూజ్-అప్లికేషన్-డీఎన్‌ఎస్.నెట్ అనే పేరుకు "అలాంటిది లేదు" అని జవాబివ్వాలి. కావాలని సెట్టింగుల్లో ఆన్ చేసుకున్న వాణ్ణి ఇది ఆపదు, ల్యాబ్ మెషీన్లలో ఆ సెట్టింగుకు పాలసీతో తాళం వేయాలి. యూడీపీ 443 కూడా మూయండి. టీసీపీ, యూడీపీ అనేవి డేటా పంపే రెండు పద్ధతులు. ఫిల్టర్లు కొన్ని టీసీపీనే చూస్తాయి, బ్రౌజర్ యూడీపీ మీద నడిచే క్విక్ పద్ధతిలో పక్కనుంచి జారిపోతుంది. మూస్తే దానంతట అదే టీసీపీకి వస్తుంది, పేజీలేమీ చెడవు.

సొంత మొబైల్ డేటా ఉన్న ఫోన్‌ని మాత్రం ఏ ఫైర్‌వాలూ ఏమీ చేయలేదు. అది హెడ్మాస్టర్ల శాఖ.

హెచ్ఎం_గది

మా శాఖకే వచ్చారు కాబట్టి చెప్తాను. ఫోన్ నిషేధం, సోషల్ మీడియా నిషేధం రెండూ ఒకటి కావు. ఫ్రాన్స్ 2018లో చేసిన చట్టం బడి ఆవరణలో ఫోన్ గురించి. ఆస్ట్రేలియాలో 2025 డిసెంబరు 10 నుంచి అమల్లోకి వచ్చింది 16 ఏళ్ళలోపు వారి ఖాతాల గురించి. అందులో బాధ్యత కంపెనీల మీద ఉంది, పిల్లల మీదో తల్లిదండ్రుల మీదో కాదు. యూట్యూబ్ ఆ జాబితాలో ఉంది, వాట్సాప్ లేదు. స్టాఫ్ మీటింగులో ఈ తేడా చెప్పకపోతే చర్చ గంటసేపు ఎటో పోతుంది.

13 ఏళ్ళు అనే గీత అమెరికా 1998 చట్టం నుంచి వచ్చింది. ఆ వయసులోపు పిల్లల సమాచారం తల్లిదండ్రుల అనుమతి లేకుండా తీసుకోకూడదన్నది దాని సారం. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ ఆ గీతే పెట్టుకున్నాయి. లింక్డ్‌ఇన్‌కి 16. కాబట్టి ఆరో తరగతికి వాట్సాప్‌లో హోంవర్క్ గ్రూపు పెట్టిన టీచర్ ఆ యాప్ నిబంధనను తానే తప్పించినట్టు. గ్రూపు తల్లిదండ్రులతో పెట్టండి.

పెట్టేటప్పుడు కూడా మామూలు గ్రూపు వద్దు. అందులో ప్రతివారి నంబరూ అందరికీ కనిపిస్తుంది, ఆడపిల్లల తల్లుల నంబర్లతో సహా. "కమ్యూనిటీ" పెట్టి అందులో ప్రకటనల గ్రూపు వాడితే సభ్యుల నంబర్లు ఒకరికొకరికి కనిపించవు, అడ్మిన్లకే కనిపిస్తాయి, పోస్టు చేసేదీ అడ్మిన్లే. అడ్మిన్లు కనీసం ఇద్దరుండాలి. ఒక్కరే ఉండి ఆ ఫోన్ పోతే కొత్త విద్యా సంవత్సరంలో గ్రూపు యజమాని లేని ఇల్లవుతుంది. ఆహ్వాన లింకు బయటికి పొక్కితే "రీసెట్ లింక్" నొక్కండి, పాతది చచ్చిపోతుంది.

టీచర్ సొంత ఖాతాతో విద్యార్థి ఫ్రెండ్ రిక్వెస్ట్ ఒప్పుకోకూడదు. దీనికి మినహాయింపు లేదు.

లైబ్రరీ_మూల

ఒక చిన్న మాట. నలభై మంది ఒకే వీడియోని 720పీలో చూస్తే ఒక్కొక్కరికి 2.5 ఎమ్‌బీపీఎస్ చొప్పున 100 ఎమ్‌బీపీఎస్ పోతుంది. ప్రొజెక్టర్ మీద ఒక్కసారి చూపిస్తే 2.5. పిల్లలే తిప్పి చూసుకోవాల్సినవి ఆఫ్‌లైన్‌లో పెట్టండి: కివిక్స్‌తో వికీపీడియా, కొలిబ్రీతో పాఠాలు, ఫెట్ వారి సైన్సు, లెక్కల సిమ్యులేషన్లు. ఒక రాస్‌ప్‌బెర్రీ పై (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్), ఒక మంచి మెమరీ కార్డు చాలు. దాని సొంత వైఫై మీద తరగతినంతా ఆధారపెట్టకండి, పది పదిహేను మంది దాటితే ఆయాసపడుతుంది. కేబుల్‌తో యాక్సెస్ పాయింట్‌కి కలపండి. కరెంటు పోయినప్పుడు దభాల్న ఆగిపోతే కార్డు పాడవుతుంది, అందుకే కార్డుకి ఒక నకలు తీసి బీరువాలో ఉంచండి.

లెక్కల_సారు

ఇక మూడో ప్రశ్నకు వద్దామా? "ఇంటి దగ్గర నుంచే టీచర్లకు ఉద్యోగం" అని రోజుకు నాలుగు మెసేజ్‌లు వస్తున్నాయి.

కంటెంట్_మేడమ్

వాటిలో మీ దగ్గర ముందు డబ్బు అడిగేవన్నీ బోగస్. "రిజిస్ట్రేషన్", "ట్రైనింగ్ కిట్", "ల్యాప్‌టాప్ డిపాజిట్", పేరేదైనా. వీడియోలకు లైక్ కొడితే డబ్బులని మొదట కొంచెం ఇచ్చి, తర్వాత "టాస్క్" కొనమనేవి కూడా అంతే. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరికీ పంపకండి. ఫోన్‌లోనో మెసేజ్‌లోనో ఓటీపీ చెప్పమనే అసలైన కంపెనీ భూమ్మీద లేదు. మెయిల్ చిరునామాలో @ తర్వాత ఉన్నది చదవండి, పెద్ద కంపెనీ పేరు చెప్పి ఉచిత మెయిల్ నుంచి రాస్తే అక్కడికి ఆపేయండి.

ఇంకో రకం మోసం ఉంది, అది చూడ్డానికి మోసంలా ఉండదు. "టెస్ట్ కోసం 50 ప్రశ్నలు రాసి పంపండి" అంటారు, తర్వాత జవాబుండదు. ఐదు ప్రశ్నలకు మించి ఉచితంగా రాయకండి. ఐదు చూస్తే రాయగలరో లేదో తెలిసిపోతుంది.

నిజమైన పనులు: ప్రశ్నలు రాయడం, స్టోరీబోర్డు రాయడం, ఇన్‌స్ట్రక్షనల్ డిజైన్ (పాఠం ఎలా నేర్పాలో రూపకల్పన చేయడం), మూడిల్ లాంటి ఎల్ఎమ్ఎస్ (ఆన్‌లైన్ పాఠాల వేదిక) నడపడం, అనువాదం, సబ్‌టైటిళ్ళు, ఆన్‌లైన్ ట్యూషన్. టీచర్లకు అన్నిటికంటే త్వరగా దొరికేది ప్రశ్నలు రాయడం. అందులో పనితనమంతా తప్పు జవాబుల్లో ఉంటుంది. 1/2 + 1/3 ఎంత అని అడిగారనుకోండి. సరైనది 5/6. తప్పు ఆప్షన్లుగా 7/9, 11/4 అని నోటికొచ్చినవి పెడితే ఎడిటర్ వెనక్కి పంపుతారు. 2/5 పెట్టండి, పైవి పైవి కిందవి కింద కలిపిన పిల్లాడు అక్కడ పడతాడు. 1/6 పెట్టండి, కూడమంటే గుణించినవాడు పడతాడు. 2/6 పెట్టండి, పైన కూడి కింద గుణించినవాడు పడతాడు. ఇప్పుడు ఎవరు ఏది ఎంచుకున్నారో చూస్తే వాడికి ఎక్కడ అర్థం కాలేదో తెలుస్తుంది. తరగతిలో పేపర్లు దిద్దిన మనిషికి ఇది వెన్నతో పెట్టిన విద్య. బయటివాళ్ళకు రానిది, మీకు డబ్బులిచ్చేది దీనికే. "పైవన్నీ" అనే ఆప్షన్ మాత్రం మరచిపోండి.

స్టోరీబోర్డు అంటే ఆరు గళ్ళ పట్టిక: తెర నంబరు, తెర మీద కనిపించే మాటలు, వినిపించే మాటలు, బొమ్మ ఎలా ఉండాలి, విద్యార్థి ఏం చేయాలి, తప్పు చేస్తే ఏం చెప్పాలి. కొత్తవాళ్ళు రెండో గడిలో, మూడో గడిలో ఒకే వాక్యం రాస్తారు. తెర మీదున్నదాన్నే గొంతు చదివితే వినేవాడు చదవనూ లేడు, విననూ లేడు. వినిపించే మాటల నిడివికి ఇంగ్లీషు వాళ్ళ లెక్కలు మనకు పనికిరావు, తెలుగులో మాట పొడుగు. మీరే గట్టిగా చదివి గడియారంతో కొలుచుకోండి.

నమూనాకు మూడు ముక్కలు చాలు: పది ప్రశ్నలు, ఐదు నిమిషాల పాఠానికి స్టోరీబోర్డు, హెచ్5పీ అనే పాఠాల సాఫ్ట్‌వేర్‌లో చేసిన ఒక ఇంటరాక్టివ్ వీడియో. హెచ్5పీ ఉచితం, మూడిల్‌లోనే ఉంటుంది. స్కూల్ పని వేళల్లో, స్కూల్ కోసం చేసినవి నమూనాగా పెట్టకండి, వాటి హక్కు ఎవరిదన్న పేచీ వస్తుంది. బయటి పనికి స్కూల్ అనుమతి అవసరమా అన్నది మీ నియామక పత్రంలో ముందే చూసుకోండి.

ల్యాబ్_మాస్టారు

ఎల్ఎమ్ఎస్ పని చేయబోయేవారికి ఒకటి. "సగం చదివి మూసేస్తే మళ్ళీ మొదటికే వస్తోంది" అనే ఫిర్యాదు వస్తే ప్యాకేజీ స్కార్మ్ (ఎల్ఎమ్ఎస్‌లో వేసే పాఠాలను ప్యాక్ చేసే ప్రమాణం) 1.2నా అని చూడండి. ఎక్కడ ఆగామో గుర్తుపెట్టుకునే జాగా అందులో 4096 అక్షరాలే. పెద్ద పాఠంలో అది నిండిపోయి తోక తెగుతుంది. పాఠాన్ని ముక్కలు చేయాలి, లేదా స్కార్మ్ 2004 మూడో ఎడిషన్‌లో పబ్లిష్ చేయాలి, అక్కడ 64,000. ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న అడుగుతారు.

తెలుగు_పంతులు

తెలుగు తెలిసిన టీచర్లకు అనువాదం, సబ్‌టైటిళ్ళ పని ఉంది గానీ చాలామంది మొదటి ఫైలుతోనే దెబ్బతింటారు. "అను" అనే పాతకాలపు తెలుగు ఫాంట్లలో కొట్టింది యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షర పద్ధతి) కాదు. వేరే కంప్యూటర్‌లో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాల గందరగోళం వస్తుంది, కంపెనీ సాఫ్ట్‌వేర్ దాన్ని ఖాళీ పేజీ కింద లెక్కేస్తుంది. రెజ్యూమె కూడా అంతే. కన్వర్టర్‌తో మార్చితే ఒత్తులూ, అరసున్నలూ ఒకసారి కళ్ళతో చూసుకోండి, అక్కడే తప్పులు దాక్కుంటాయి.

సబ్‌టైటిల్ ఎస్ఆర్‌టీ ఫైలు యూటీఎఫ్-8 అనే యూనికోడ్ రకంలో సేవ్ చేయాలి. పాత ఆన్సీ రకంలో చేస్తే తెలుగంతా ప్రశ్నార్థకాలుగా మారుతుంది, మూసి తెరిచాక ఇక వెనక్కి రాదు. పేజీలు పేర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ఒత్తులు విడిపోతే పేరాగ్రాఫ్ మెనూలో వరల్డ్-రెడీ కంపోజర్ ఎంచుకోండి. "సాఫ్ట్‌వేర్" అని కొడితే "సాఫ్ట్వేర్" అయిపోతోందా? పొల్లు తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలను కలవనివ్వని, కంటికి కనిపించని గుర్తు) కావాలి. ఈ మూడూ తెలిస్తే పరీక్ష పని సగం గట్టెక్కినట్టే. మిగతా సగం తెలుగు, అది మీ దగ్గర ఉంది కదా.

సైన్స్_టీచరమ్మ

ధన్యవాదాలు పంతులుగారూ. పిల్లల సంగతి ఒకటి మిగిలింది. ల్యాబ్‌లో ముప్పై మందికి ఒకేసారి మెయిల్ ఖాతాలు తెరిపిస్తే గూగుల్ ఫోన్ నంబరు అడుగుతోంది. టీచర్ నంబరు ఇస్తే కొందరి తర్వాత "ఈ నంబరు ఇక పనికిరాదు" అంటోంది.

కేబుల్_చేతిలో

బయటి ప్రపంచానికి మీ స్కూల్ అంతా ఒకే ఐపీ. ఒకే ఐపీ నుంచి పది నిమిషాల్లో ముప్పై ఖాతాలంటే ఎవరికైనా అనుమానమే. ఇంట్లో తల్లిదండ్రుల ఫోన్‌తో చేయించండి, లేదా స్కూల్ డొమైన్ మీద ఖాతాలు అడ్మిన్ ద్వారానే సృష్టించండి. ఉద్యోగ దరఖాస్తుకు మాత్రం సొంత మెయిల్ ఉండాలి. బడి వదిలాక స్కూల్ ఖాతా మూసేస్తారు, ఇంటర్వ్యూ పిలుపు దానికే వెళ్ళి కూర్చుంటుంది. ఇక ఓటీపీ: ల్యాబ్‌లోకి ఫోన్ రానివ్వకపోతే పోర్టల్ ఓటీపీ ఎలా వస్తుంది? దరఖాస్తుల రోజున ఫోన్‌కి మినహాయింపు ఇవ్వండి, లేదా మెయిల్‌కి ఓటీపీ పంపే ఆప్షన్ ఉందేమో చూడండి.

లెక్కల_సారు

ల్యాబ్ మెషీన్‌లో క్రోమ్ గెస్ట్ విండో వాడితే పిల్లల వివరాలన్నీ చెరిగిపోతాయి కదా?

ల్యాబ్_మాస్టారు

లాగిన్, హిస్టరీ చెరిగిపోతాయి. డౌన్‌లోడ్ చేసిన ఫైలు చెరగదు. విండోస్‌లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిచి చూడండి, నెలరోజుల రెజ్యూమెలు, ఆధారపత్రాల స్కాన్‌లు వరసగా ఉంటాయి. విండోస్ సెట్టింగుల్లోని స్టోరేజ్ సెన్స్‌లో డౌన్‌లోడ్స్‌కి మామూలుగా "నెవర్" అని ఉంటుంది, దాన్ని ఒక రోజుకు మార్చండి. క్రోమ్‌బుక్‌లో గెస్ట్ నుంచి బయటికొస్తే ఫైళ్ళు కూడా పోతాయి, అక్కడ సమస్య తిరగబడుతుంది: పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోకుండా పిల్లాడు సైనౌట్ కొడితే రెజ్యూమె గల్లంతు.